ఊపిరికి ‘ఫుల్ అండ్ ఫైనల్’ ఎక్కడిది?



మిల్లు వదిలిపోయే కార్మికుడి చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవడం మన యాజమాన్యాలకు రివాజు. గ్రాట్యుటీ చెక్కు ఒక చేత్తో చూపిస్తారు, ఆ కాగితం రెండో చేత్తో ముందుకు తోస్తారు. పేరు ‘ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్’. తెలుగులో చెప్పాలంటే, మొత్తం లెక్క తీరిపోయింది, ఇక మీకూ మాకూ ఏ సంబంధమూ లేదు అని.

జీతం బాకీకి ఈ మాట చెల్లుతుంది. బోనసుకు చెల్లుతుంది. సెలవుల డబ్బుకు చెల్లుతుంది. కానీ ఊపిరితిత్తుల్లోకి పోయిన దుమ్ముకు చెల్లుతుందా? లోపల దిగిన దుమ్ము లెక్క తీరిందని ఎవరు చెప్పగలరు? డాక్టరే చెప్పలేని మాట పర్సనల్ ఆఫీసరు ఎలా చెబుతాడు? ఈ సంచికలో నేను చెప్పదలచుకున్నది ఇదే: రోగం బయటపడక ముందే రోగానికి రాజీ రాయించుకోవడం దోపిడీ. దానికి సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే, ఆ కాగితానికి భయపడకండి.

ఆస్బెస్టాస్ మనకెందుకు?

“సెక్రటరీగారూ, మనది దూది పని. ఆస్బెస్టాస్‌తో మనకేం పని?” అని కొందరు అడుగుతున్నారు. చెబుతాను.

ప్రపంచంలో ఆస్బెస్టాస్ రోగం పేరు మొదట వైద్య పత్రికకెక్కించింది ఒక వడుకు కార్మికురాలి చావు. ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే మిల్లుల ఊరు ఉంది. అక్కడ టర్నర్ బ్రదర్స్ కంపెనీలో నెల్లీ కెర్షా అనే ఆమె ఆస్బెస్టాస్ నారను నూలుగా వడికేది. మనం దూది వడికినట్టే. 1924 మార్చిలో, 33 ఏళ్ళకే చనిపోయింది. డాక్టరు రోగం పనివల్ల వచ్చిందన్నాడు. కంపెనీ ఒప్పుకోలేదు. బ్రతికి ఉండగా పరిహారం ఇవ్వలేదు, చనిపోయాక ఖననం ఖర్చులు కూడా ఇవ్వలేదు. ఒక్కరికి ఇస్తే అందరూ అడుగుతారన్నదే వాళ్ళ భయం. ఆ ఏడాదే డాక్టర్ విలియం కుక్ ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1931లో ఇంగ్లండులో చట్టబద్ధమైన దుమ్ము నియమాలు వచ్చాయి. వంద సంవత్సరాలు దాటింది. యాజమాన్యాల భయం మాత్రం మారలేదు.

ఇక మన మిల్లులు. పాత బాయిలర్ గదిలో ఆవిరి గొట్టాలకు చుట్టిన తెల్లటి పూత ఏమిటి? బాయిలర్ తలుపు అంచున వేసే తాడు ఏమిటి? గ్యాస్కెట్లు, పాత బ్రేక్ లైనింగులు, షెడ్డు మీది సిమెంటు రేకులు ఏమిటి? వీటిలో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉండేది. రేకుల్లో నేటికీ ఉంటోంది. రేకు కదలకుండా ఉన్నంతవరకు ప్రమాదం తక్కువ. దాన్ని కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, పగలగొట్టినప్పుడు కంటికి కనబడని నార గాలిలోకి లేస్తుంది. ఆ పనులు ఎవరు చేస్తారు? ఫిట్టరు, బాయిలర్ మనిషి, కాంట్రాక్టు కూలి. మిల్లు మూతపడి తుక్కుకు అమ్మినప్పుడు విప్పేదీ వాళ్ళే.

బ్లోరూములో, కార్డింగులో దూది నుసి మింగిన వారిది మరో రోగం. సెలవు తర్వాత సోమవారం పనిలోకి రాగానే ఛాతీ బిగిసినట్టుంటుంది. మంగళవారానికి తగ్గినట్టనిపిస్తుంది. కొన్నేళ్ళకు వారమంతా ఉంటుంది. దాని పేరు బిస్సినోసిస్. డిస్పెన్సరీలో దానికి ఆస్తమా అనో, బీడీ దగ్గు అనో రాసి పంపేస్తారు. కృష్ణగిరి చుట్టూ గ్రానైటు కోసే మన అన్నదమ్ములది సిలికోసిస్. దుమ్ములు మూడు, న్యాయం ఒకటే. అందుకే ఆస్బెస్టాస్ కేసుల నుండి మనం నేర్చుకోవలసింది చాలా ఉంది.

రోగం నిదానం, కాగితం తొందర

ఆస్బెస్టాస్ రోగం ఇవాళ పీల్చితే రేపు రాదు. ఊపిరితిత్తి గట్టిపడే ఆస్బెస్టోసిస్‌కు సాధారణంగా పది, ఇరవై ఏళ్ళు పడుతుంది. ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సరుకు ముప్పై, నలభై ఏళ్ళు కూడా పడుతుంది. అంటే ఇరవై ఏళ్ళప్పుడు పీల్చిన దుమ్ము అరవై ఏళ్ళప్పుడు ప్రాణం తీస్తుంది. అప్పటికి మిల్లు ఉండదు, మేనేజరు ఉండడు, మస్టర్ రోల్ చెదలు తినేసి ఉంటుంది.

యాజమాన్యానికి ఇది బాగా తెలుసు. అందుకే రోగం రాక ముందే కాగితం తెస్తారు. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అహ్మదాబాదులోని కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ ఆస్బెస్టాస్ కార్మికుల తరఫున వేసిన కేసు అది. తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుండి వెళ్ళిన జస్టిస్ కె. రామస్వామి. అందులో మనకు పనికొచ్చే మాటలు నాలుగు.

ఒకటి: కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగం. ఉద్యోగంలో ఉన్నప్పుడే కాదు, విరమించిన తర్వాత కూడా.

రెండు: ఆస్బెస్టాస్ పరిశ్రమ ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుండి 40 ఏళ్ళు గానీ, పని మానిన నాటి నుండి 15 ఏళ్ళు గానీ, ఏది తర్వాత వస్తే అంతవరకు దాచి ఉంచాలి.

మూడు: కార్మికులందరికీ ఇ.ఎస్.ఐ. కిందనో, పరిహార చట్టం కిందనో ఆరోగ్య బీమా ఉండాలి.

నాలుగు: అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ రోగం ఉందని ధృవీకరించిన ప్రతి కార్మికుడికీ మూడు నెలల్లో లక్ష రూపాయలు ఇవ్వాలి.

గొప్ప తీర్పే. కానీ ఆ 40 ఏళ్ళ మాట చూశారా? రోగం నలభై ఏళ్ళ తర్వాత రావచ్చని దేశంలో పెద్ద కోర్టే ఒప్పుకుంది. అలాంటప్పుడు చెక్కు ఇచ్చిన రోజునే లెక్క తీరిందని మిల్లు ఆఫీసు ఎలా రాస్తుంది? 2011లో ఆస్బెస్టాస్‌ను నిషేధించమని వేసిన మరో కేసును సుప్రీంకోర్టు కొట్టివేసింది. అయితే 1995 ఆదేశాలను రాష్ట్రాలు అమలు చేయాల్సిందేనని మళ్ళీ చెప్పింది. పదహారేళ్ళ తర్వాత మళ్ళీ చెప్పవలసి వచ్చిందంటేనే అమలు ఎంత చక్కగా జరిగిందో అర్థం చేసుకోండి.

పరిహారం లెక్క

మొన్నటి వరకు మనకు రెండు చట్టాలు ఆధారం: 1923 నాటి పరిహార చట్టం, 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం. 2025 నవంబరు 21 నుండి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఈ రెండూ సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయాయి. సెక్షన్ల నంబర్లు మారాయి. నేను కింద చెప్పే మూల సూత్రాలు ఆ కోడ్‌లో ఉన్నాయి. మనవాళ్ళ నోట్లో నలిగినవి పాత నంబర్లు కాబట్టి వాటితోనే చెబుతాను.

పరిహార చట్టం మూడో షెడ్యూలులో వృత్తి రోగాల జాబితా ఉంది. ఆస్బెస్టోసిస్, సిలికోసిస్, దూది ధూళి వల్ల వచ్చే బిస్సినోసిస్ అందులో ఉన్నాయి. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సరూ ఉంది. జాబితాలోని రోగం వస్తే దాన్ని ప్రమాదంలో గాయపడినట్టే లెక్కిస్తారు.

లెక్క ఇలా ఉంటుంది. ఏ పనీ చేయలేని స్థితి వస్తే నెల జీతంలో 60 శాతాన్ని వయసుకు తగిన అంకెతో గుణిస్తారు. చనిపోతే 50 శాతాన్ని గుణిస్తారు. 50 ఏళ్ళవాడికి ఆ అంకె 153.09. జీతం 12,000 అనుకోండి. 60 శాతం అంటే 7,200. దాన్ని 153.09తో గుణిస్తే 11,02,248 రూపాయలు. సంపాదించే శక్తి 30 శాతమే పోయిందని డాక్టరు రాస్తే అందులో 30 శాతం, అంటే సుమారు 3,30,674 రూపాయలు. లెక్కలోకి తీసుకునే నెల జీతానికి పరిమితి ఉంది. 2020 జనవరిలో దాన్ని 8 వేల నుండి 15 వేలకు పెంచారు.

ఈ లెక్క ప్రతి కార్మికుడికీ తెలియాలి. ఎందుకంటే పదకొండు లక్షలు రావలసిన చోట ఇరవై వేలు కవరులో పెట్టి, “మానవతా దృష్టితో ఇస్తున్నాం” అంటారు. మానవత కాదది, లక్షలు మిగుల్చుకునే వ్యాపారం.

ఇ.ఎస్.ఐ. ఉన్నవారి దారి వేరు. మన జీతంలో 0.75 శాతం, యజమాని నుండి 3.25 శాతం ఆ కార్పొరేషన్‌కు పోతోంది. పనివల్ల రోగం వచ్చి శాశ్వతంగా శక్తి పోతే, పోయిన శాతాన్ని బట్టి నెలనెలా జీవితాంతం పెన్షన్ రావాలి. శాతాన్ని నిర్ణయించేది మెడికల్ బోర్డు. బోర్డు తక్కువ రాస్తే అప్పీలు ఉంది. అయితే ఇ.ఎస్.ఐ. కింద హక్కు ఉన్నవారు అదే రోగానికి యజమాని దగ్గర పరిహార చట్టం కింద అడగలేరు. అందుకే మొదట తేల్చుకోవలసింది: మీకు ఇ.ఎస్.ఐ. కట్టారా, లేదా? జీతం నుండి కోసుకుని కట్టని కాంట్రాక్టర్లు ఉన్నారు. కాంట్రాక్టు కూలికి ఇ.ఎస్.ఐ. లేకపోతే అసలు యజమానిదే బాధ్యత అని పాత చట్టం 12వ సెక్షన్ చెప్పింది. “వాడు మా మనిషి కాదు” అనే మాట అక్కడ చెల్లదు.

సంతకం పెట్టినా చావని హక్కు

ఒక మిల్లు నుండి బయటికొచ్చిన కార్మికుడు మా ఆఫీసుకు ఒక కాగితం తెచ్చాడు. మిల్లు పేరు ఇక్కడ అనవసరం. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆయన చదివింది తెలుగు ఐదో తరగతి. అందులో ఉన్నది: నాకు రావలసినదంతా అందింది, నా ఆరోగ్యం బాగుంది, ఇకమీదట ఏ చట్టం కిందా ఏ పరిహారమూ కోరను. మూడు మాటల్లో మొదటిది సగం నిజం, రెండోది అబద్ధం, మూడోది చట్టవిరుద్ధం.

ఎలా చట్టవిరుద్ధం? పరిహారం కోరే హక్కును వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన ఏ ఒప్పందమైనా చెల్లదని 17వ సెక్షన్ చెబుతుంది. పరిహారం మీద రాజీ కుదిరితే దాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయాలని 28వ సెక్షన్ చెబుతుంది. మొత్తం తక్కువగా ఉన్నా, మోసంతోనో ఒత్తిడితోనో రాయించుకున్నా కమిషనర్ దాన్ని తిరస్కరించవచ్చు. రిజిస్టరు చేయకపోతే యజమాని పూర్తి మొత్తానికి బాధ్యుడు. కార్మికుడు చనిపోతే పరిహారం కమిషనర్ దగ్గర జమ చేయాలి. దినం నాడు భార్య చేతిలో పెట్టిన కవరు పరిహారం చెల్లింపు కాదని 8వ సెక్షన్ భావం. నెల రోజుల్లో చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం వరకు జరిమానా కూడా పడతాయి.

చూశారా? వంద సంవత్సరాల క్రితం దొరలు రాసిన చట్టమే కార్మికుడు భయంతో, ఆకలితో, చదువు లేక సంతకం పెడతాడని ఊహించింది. అందుకే ఆ సంతకానికి విలువ లేకుండా చేసింది. మన చేతిలోని ఈ ఆయుధాన్ని మనమే మరిచిపోయాం.

మరో హెచ్చరిక. యూనియన్లు చేసుకునే ఒప్పందాల్లో కూడా ఈ వాక్యం దూరుతోంది. విడిగా చేసుకునే 18(1) ఒప్పందం సంతకం పెట్టినవారిని కట్టేస్తే, లేబర్ అధికారి ముందు చేసుకునే 12(3) ఒప్పందం మిల్లులో అందరినీ కట్టేస్తుందని మనకు తెలుసు. కొత్త కోడ్ కింద ఆ నంబర్లు పోయినా ఒప్పందాలు పోలేదు. జీతం పెంపుదల పుటల మధ్య ఎక్కడో “ఆరోగ్య క్లెయిములన్నీ పరిష్కారమైనట్టు” అని ఒక వరుస ఉంటుంది. దాన్ని కొట్టేయించకుండా సంతకం పెట్టే నాయకుడు ఏ జెండా వాడైనా, మన జెండా వాడైనా, తప్పు చేసినట్టే.

“చేతికొచ్చింది తీసుకోండి” అనేవారికి జవాబు

“కేసు వేస్తే ఏళ్ళు పడుతుంది, అంతవరకు మనిషి బ్రతకడు. ఇచ్చింది పుచ్చుకోవడం మేలు” అని యాజమాన్యం మాత్రమే కాదు, మన మధ్య పెద్దమనుషులు కూడా అంటున్నారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. దక్షిణాఫ్రికాలో కేప్ అనే బ్రిటిష్ కంపెనీ గనుల వల్ల జబ్బుపడిన దాదాపు 7,500 మంది లండన్‌లో కేసు వేశారు. అక్కడ విచారించవచ్చా లేదా అని తేల్చడానికే 2000 దాకా పట్టింది. 2001లో 2 కోట్ల 10 లక్షల పౌండ్లకు రాజీ కుదిరింది. కంపెనీ కట్టలేదు. చివరికి 2003లో 75 లక్షల పౌండ్లకు తేలింది. ఈలోగా వందల మంది చనిపోయారు.

అమెరికాలో జాన్స్ మాన్‌విల్ అనే పెద్ద ఆస్బెస్టాస్ కంపెనీ 1982లో దివాలా పిటిషన్ వేసి తప్పుకోజూసింది. బాధితుల కోసం 1988లో ఒక ట్రస్టు పెట్టారు. డబ్బు చాలక 1995 నుండి రూపాయికి పది పైసలు, 2001 నుండి ఐదు పైసల లెక్కన చెల్లించారు. రాజీ కాగితం మీద అంకె వేరు, చేతికొచ్చే డబ్బు వేరు.

వీటి నుండి రాజీ వద్దనే పాఠం నేను తీయడం లేదు. రాజీ పడవచ్చు. కానీ ఎప్పుడు? రోగం పేరు డాక్టరు రాసిన తర్వాత. శక్తి ఎంత శాతం పోయిందో తేలిన తర్వాత. పైన చెప్పిన లెక్క కట్టిన తర్వాత. కమిషనర్ ముందు. రోగం ముదిరితే మళ్ళీ అడిగే హక్కు ఉంచుకుని. ఇలా చేస్తే అది రాజీ. లేకపోతే లొంగుబాటు.

బాధితులను అడగకుండా చేసిన రాజీ ఎలా ఉంటుందో భోపాల్ చూపించింది. 1989 ఫిబ్రవరిలో యూనియన్ కార్బైడ్‌తో 47 కోట్ల డాలర్లకు ప్రభుత్వం లెక్క తీర్చేసింది. చనిపోయినవారి కుటుంబాలను ఒక్క మాట అడగలేదు. అదే యూనియన్ కార్బైడ్ 2002 చివర అమెరికాలో తన మీద ఉన్న ఆస్బెస్టాస్ కేసుల కోసం 220 కోట్ల డాలర్లు లెక్కల్లో పక్కన పెట్టింది. ఒకే కంపెనీ. అక్కడి ఊపిరికి ఒక ధర, ఇక్కడి ఊపిరికి ఒక ధర. రోగం కొత్తగా బయటపడితే ఆ ‘లెక్క తీరింది’ అనే మాట ఎంత క్రూరమో భోపాల్ బస్తీల్లో అడగండి. 2023లో అదనపు పరిహారం పిటిషన్ కూడా కొట్టివేశారు.

అసలు ఉచ్చు: రెండేళ్ళ గడువు

పరిహారం కోసం రెండేళ్ళలోపు దరఖాస్తు చేయాలి. కొత్త కోడ్‌లోనూ గడువు రెండేళ్ళే. పాత చట్టం 10వ సెక్షన్ ప్రకారం, పని మానిన రెండేళ్ళలోపు లక్షణాలు కనబడితే, కనబడిన రోజునే ప్రమాదం జరిగినట్టు లెక్క. మరి ఇరవయ్యో ఏట బయటపడే రోగం సంగతేమిటి? తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉంది. అంటే హక్కుగా రావలసింది దయగా అడగాలి. మూడేళ్ళు పనిచేసి, పెళ్ళి ఖర్చుకని మొత్తం తీసుకుని ఊరెళ్ళిపోయిన హాస్టల్ అమ్మాయిలను తలుచుకోండి. ముప్పై ఐదో ఏట ఆయాసం వస్తే ఆమె ఏ మిల్లు తలుపు తట్టాలి?

అందుకే మన డిమాండ్లు:

1. వృత్తి రోగాలకు రెండేళ్ళ గడువు, పనివల్ల వచ్చిందని డాక్టరు రోగాన్ని ధృవీకరించిన రోజు నుండి మొదలవ్వాలి.

2. ఆస్బెస్టాస్ పరిశ్రమకు చెప్పిన 40 ఏళ్ళ రికార్డు నియమం దూది మిల్లులకూ, గ్రానైటు పనికీ వర్తించాలి.

3. 40 ఏళ్ళు దాటినవారికి ఏటా ఉచిత వైద్య పరీక్ష అని కోడ్‌ల పేరు మీద ప్రభుత్వం చాటుతోంది. అందులో ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊదే పరీక్ష ఉండాలి. నకలు కార్మికుడికి ఇవ్వాలి.

4. హోసూరు ప్రాంతంలో ఏ సెటిల్‌మెంట్ కాగితమైనా తమిళంలో, తెలుగులో, ఉత్తరాది కార్మికుడికి అతని భాషలో చదివి వినిపించాకే సంతకం.

5. పాత బాయిలర్లు, రేకులు విప్పే ముందు ఆస్బెస్టాస్ ఉందో లేదో పరీక్ష చేయించి యూనియన్‌కు తెలపాలి.

ఈ వారమే చేయవలసిన పనులు

నియామక పత్రం, జీతం చీటీలు, ఇ.ఎస్.ఐ. కార్డు, పాత గేటు పాసు కూడా పారేయకండి. ఏ డిపార్ట్‌మెంటులో ఎన్నేళ్ళు చేశారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. పక్క మెషిను మీద చేసినవారి పేర్లు రాసుకోండి. రేపు సాక్షులు వాళ్ళే. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు “దగ్గు” అని మాత్రమే చెప్పకండి, “ఇన్నేళ్ళు కార్డింగులో చేశాను” అని చెప్పి చీటీ మీద రాయించండి. ఎక్స్‌రే ఫిల్ము మీ ఇంట్లో ఉండాలి. జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ దక్షిణ ప్రాంతీయ కేంద్రం మన పక్కనే బెంగుళూరులో ఉంది. అనుమానం ఉన్నవారిని అక్కడి నిపుణుల దృష్టికి తీసుకుపోవడానికి యూనియన్ ప్రయత్నిస్తుంది. కాగితం ముందు పెడితే “చదివి చెబుతాను” అని జేబులో పెట్టుకుని ఆఫీసుకు రండి. జేబులో పెట్టుకోనివ్వకపోతే అక్కడే అర్థమైపోవాలి అందులో ఏముందో.

1999లో ఇంగ్లండు, 2005 నాటికి యూరప్ యూనియన్ దేశాలు, 2024లో అమెరికా తెల్ల ఆస్బెస్టాస్‌ను కూడా నిషేధించాయి. మన దేశం ఏటా లక్షల టన్నులు దిగుమతి చేసుకుంటూనే ఉంది. ఇవాళ పీల్చేవారి రోగం 2050లో బయటపడుతుంది. ఆనాడు వాళ్ళ చేతిలో ఏ కాగితం ఉండాలో మనం ఇవాళ తేల్చాలి.

జీతం లెక్క తీర్చుకోండి. బోనసు లెక్క తీర్చుకోండి. ఊపిరి లెక్క మాత్రం తెరిచే ఉంచండి!

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి